ఐదో లక్ష్మీవారానికి వైన్

నవంబరు 27, గురువారం

మార్గశిరంలో మొదటి లక్ష్మీవారం. పులగం నైవేద్యం పెట్టాను. ఇక ఐదు వారాలు ఈ రోజున తలకు నూనె లేదు, దువ్వెన లేదు, నీచు తినేది లేదు. పెళ్ళయిన ఏడాది నుంచీ ఒక్కసారి కూడా తప్పలేదు. ఎవరి కోసం? ఆయన కోసమే.

ఫిబ్రవరిలో ఆయన తాగుడు మానేశారు. అది ఎవరి పూజాఫలం అని ఒక్కరైనా అడిగారా? లేదు. పేరంతా ఆ డెక్లన్‌కి పోయింది. చర్చి హాల్లో తాగుడు మానినవాళ్ళంతా వారానికి రెండుసార్లు గుండ్రంగా కూర్చుంటారు. వాళ్ళలో ఈ డెక్లన్ అనే ముసలాయన మా ఆయనకి గురువు. బస్సు నడిపి రిటైరయ్యాడు, భార్య పోయింది. తాగాలనిపిస్తే ఏ వేళలోనైనా అతనికి ఫోన్ చేయాలట. ఈయన చేస్తారు. వెనక గార్డెన్‌లో చలికి వణుకుతూ మాట్లాడి లోపలికొచ్చి, ఏమీ జరగనట్టు గిన్నెలు కడుగుతారు. ఏమన్నాడండీ అని నేను అడిగితే "ఏం లేదు వసూ, ఐ యామ్ గ్రాండ్" అంటారు, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్ళలా.

ఇవాళ అన్నం దగ్గర అన్నారు. "ఈసారి క్రిస్మస్‌కి డెక్లన్‌ని పిలుద్దాం. పాపం ఒక్కడే ఉంటాడు. టర్కీ కోడి నేనే చేస్తాను. పోయినేడాది సంగతి వర్షిణి మర్చిపోవాలి."

పోయినేడాది మా అమ్మాయి ఎదుటే, క్రిస్మస్ కాగితం కిరీటం తల మీద ఉండగానే ప్లేటు పక్కన బుగ్గ ఆనించి నిద్రపోయారు. బూట్లు విప్పింది నేను. దుప్పటి కప్పింది నేను. అదేమీ మర్చిపోవాల్సినంత ఘోరం కాదని నాకనిపిస్తుంది. సరే అన్నాను.

నవంబరు 30

డెక్లన్ ఒక్కడే వస్తే ఏం బాగుంటుంది, మన వైపు నుంచి కూడా ఎవరైనా ఉండాలి కదా. నేవన్‌లో ఉండే మా అన్నయ్యకి ఫోన్ చేశాను. అన్నయ్య ఎగిరి గంతేశాడు. "బావగారు అసలు కనపట్టమే మానేశారేంటమ్మా? ఆయనతో కూర్చుని ఒక గ్లాసు పుచ్చుకుని ఎన్నాళ్ళయిందో. మీ వదిన కారు నడుపుతుందిలే, నాకు బెంగలేదు."

పని ఎక్కువైందన్నయ్యా అన్నాను. మీటింగుల సంగతి వాళ్ళకి చెప్పలేదు. పుట్టింటివాళ్ళ ముందు మొగుడి పరువు తీసే ఆడదాన్ని కాను నేను.

డిసెంబరు 1

ఆయన్ని ముందే అడిగాను. ఇది ఇక్కడ రాసి పెట్టుకోవడం మంచిది. "అన్నయ్య వాళ్ళు వస్తున్నారు. టర్కీ పెట్టి వైన్ పోయకపోతే ఏమనుకుంటారండీ?" అని అడిగాను. లేచి మంచినీళ్ళు తాగి వచ్చారు. తర్వాత, "వాళ్ళకి పెట్టు వసూ. ప్రపంచంలో సీసాలు లేకుండా పోవుగా. నేను తట్టుకోవాలి" అన్నారు.

నేను అడిగాను. ఆయన ఒప్పుకున్నారు.

డిసెంబరు 4, గురువారం

రెండో లక్ష్మీవారం. అట్లు, తిమ్మనం.

పూజ అయ్యాక టర్కీకి ఏ వైన్ అని ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టినదాన్ని కాను. అయితేనేం, పెళ్ళికూతురి చీర ఎంచడానికి మనం పెళ్ళికూతురం కానక్కర్లేదు. టర్కీ రొమ్ము మాంసం తెల్లగా, పొడిపొడిగా ఉంటుందట. కాలు దగ్గర నల్లగా, కొవ్వుగా ఉంటుందట. అందుకే ఒకటే వైన్ రెంటికీ కుదరడం కష్టమట. బాగా వగరున్న రెడ్ పోస్తే పొడి మాంసం ఇంకా పొడిబారి, వక్క నమిలినట్టు నాలుక పట్టేస్తుందట. పీనో న్వార్ అని తేలికపాటి రెడ్ ఒకటుంది, అందరూ దాన్నే మెచ్చుకుంటారు. రీస్లింగ్ అని తెల్లది, కొంచెం తీపి, మన మసాలాకి నప్పుతుందట. రోన్ లోయ నుంచి వచ్చే రెడ్డు ఒకటి ఉంది. బరువైనదట, కానీ గ్రేవీ ఘాటుగా ఉంటే నిలబడుతుందట.

ఇంత చదివినా నాకేమీ ఎక్కలేదు. తాగినవాళ్ళకి తెలియాలి. ఇంట్లో తెలిసినవారు ఒకరున్నారు, ఆయన్ని అడగకూడదు. బాగానే ఉంది వరస.

డిసెంబరు 6

మంచి టేబుల్ క్లాత్ కోసం హాట్ ప్రెస్ అంతా వెతికాను. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న ఆ అలమరలోనే, తువ్వాళ్ళ వెనక, ఆయన సీసాలు దాచేవారు. ఎప్పుడూ ఒకటే రకం, లేబుల్ మీద నీలం గుర్రం. నాకు తెలుసని ఆయనకి తెలుసు, అయినా దాచేవారు. నేను లెక్క చూసుకుని, తువ్వాళ్ళు మళ్ళీ సర్దేసేదాన్ని. ఇప్పుడక్కడ తువ్వాళ్ళే ఉన్నాయి.

కింద వంటింట్లో ఆయనా వర్షిణీ నవ్వుకుంటున్నారు. కామోగీ మ్యాచ్‌లో, అదే ఇక్కడి ఆడపిల్లలు కర్రలతో ఆడే ఆటలో, దాని బూటు ఊడిపోయిందట. అది నాకు చెప్పలేదు. పదిహేనేళ్ళొచ్చేదాకా "మామ్, డాడ్ లేచాడా? మామ్, నేను కిందికి రావచ్చా?" అని నా కొంగు పట్టుకు తిరిగిన పిల్ల. ఇప్పుడు ప్రాక్టీసుకి ఆయనే దించుతారు, స్కూల్ మీటింగుకి ఆయనే వెళ్తారు. మొన్న ఆ టీచరమ్మ నన్ను చూసి "మీరు వర్షిణికి ఏమవుతారు?" అంది.

ఆయన తాగే రోజుల్లో ఈ ఇంట్లో నా మాట శాసనం. ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పేది నేను. కారు తాళాలు నా దగ్గర. దీపావళి పార్టీలో ఆడవాళ్ళంతా నా చెయ్యి పట్టుకుని "నువ్వు కాబట్టి నెగ్గుకొస్తున్నావు వసుంధరా" అనేవారు. ఈ ఏడాది దీపావళికి అందరూ ఆయన చెయ్యి పట్టుకున్నారు. నేను పులిహోర వడ్డిస్తూ నిలబడ్డాను. ఒళ్ళు మండింది. రాసుకుంటే తప్పేముంది, మండింది.

డిసెంబరు 11, గురువారం

మూడో లక్ష్మీవారం. అప్పాలు, పరమాన్నం.

గురువారాలు ఆయన ఇంటి నుంచే పని చేస్తారు. పూజయ్యాక, పండగనాడు తడబడకుండా చికెన్‌తో ఒకసారి గ్రేవీ చేసి చూద్దామనుకున్నాను. వంటల పేజీలో రెడ్ వైన్ పోయమన్నారు, ఉడికితే అంతా ఆవిరైపోతుందట. చిన్న సీసా తెచ్చి పోశాను. ఉప్పు సరిపోయిందో లేదో చూడాలి కదా. వ్రతం పూట నేను నీచు నోట పెట్టను. గరిటె పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"కొంచెం రుచి చూడండి. వైన్ గ్రేవీ."

దాచలేదు, వైన్ అని చెప్పాను. గరిటె ముక్కు దాకా తెచ్చుకుని ఆగిపోయారు. గరిటె నా చేతికిచ్చేసి, "వసూ, ఇది నాకు కుదరదు" అని గార్డెన్‌లోకి వెళ్ళిపోయారు. చెప్పులు కూడా వేసుకోలేదు. గడ్డి మీద మేజోళ్ళతో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్. ఎవరికో వేరే చెప్పాలా.

ఉప్పు చూడమన్నానంతే. కట్టుకున్న పెళ్ళాం వండింది నోట పెట్టడానికి రిటైరైన బస్సు డ్రైవరు అనుమతి కావాలి.

డిసెంబరు 12

ఆయనే టీ పెట్టి తెచ్చి, సారీ అన్నారు. చక్కెర కూడా సరిగ్గా వేశారు. అందుకు ఇంకా కోపమొచ్చింది.

డిసెంబరు 16

వైన్ కొన్నాను.

పొద్దున పదిన్నర దాకా మందు అమ్మకూడదు ఈ దేశంలో. నాకు గుర్తులేక ముందే వెళ్ళాను. షాపులో ఆ వైపు గేటు అడ్డంగా వేసి ఉంది. నాతో పాటు ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు, చేతులు జేబుల్లో పెట్టుకుని. ఒకాయన నన్ను చూసి తనవాళ్ళని చూసినట్టు తల ఊపాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

షాపు కుర్రాడు మర్యాదస్తుడు. టర్కీకి ఏం మసాలా వేస్తారని అడిగాడు. అల్లం వెల్లుల్లి, పెరుగు, కాస్త కారం, చర్మం కింద పట్టిస్తాం అన్నాను. అయితే రీస్లింగే తీసుకోమన్నాడు. రెడ్డే కావాలంటే పీనో న్వార్ అన్నాడు. రోన్ మాత్రం వద్దన్నాడు, కారంతో కలిస్తే మందు ఘాటు మరీ పైకి వస్తుందట. పీనో న్వార్ సీసా చేతిలోకి కూడా తీసుకున్నాను. లేబుల్ మీద తెల్లటి చెట్టు, ఎవరి మొహమో తెలియని సీసా.

పక్క అరలో నీలం గుర్రం కనిపించింది. రోన్‌దే. ఎక్కడో చూసినట్టుంది, అలవాటైన మొహం. తెలియని దాని కంటే తెలిసింది మేలు కదా. అదే తీసుకున్నాను. ఒకటైతే మధ్యలో అయిపోతే బాగుండదని రెండు.

డిసెంబరు 18, గురువారం

నాలుగో లక్ష్మీవారం. చిత్రాన్నం, గారెలు. గారెలు బాగా వచ్చాయి.

ఆయన సీసాలు చూశారు. లేబుల్ చూసి చాలాసేపు నిలబడ్డారు.

"ఇదేనా తెచ్చావు?"

"ఏం, బాగుండదా? మీకే తెలియాలి."

"బాగుంటుంది" అన్నారు. "పండగ దాకా కారు డిక్కీలో పెడతావా వసూ?"

చలికి పాడవుతాయన్నాను. అలా అవుతాయో లేదో నాకు తెలియదు, అవుతాయనే అనుకున్నాను. వంటింటి గట్టు మీద, రైస్ కుక్కర్ పక్కన పెట్టాను. రోజూ కంటి ముందుండే వస్తువు రెండు రోజుల్లో కనపడటం మానేస్తుంది. ఆయన మంచికే.

డిసెంబరు 20

ఆయన టీ తాగడానికి వంటింట్లోకి రావడం లేదు. కెటిల్ పైకి పట్టుకెళ్ళారు.

డిసెంబరు 22

వర్షిణి ప్రాక్టీసు బ్యాగు కూడా దించకుండా అడిగింది. "మామ్, వై దట్ వన్?"

"ఏది?"

"ద హార్స్."

"కొట్లో అదే ఉంది" అన్నాను. నన్ను చూసింది. దాని కళ్ళు మా అత్తగారివి. పెద్దవాళ్ళని అలా చూడకూడదని చెప్పాను.

డిసెంబరు 24

బూరెలకి శనగపప్పు నానబోశాను. టర్కీ పెరుగులో ఉంది. ఆయన దాన్ని చంటిపిల్లాడికి నలుగు పెట్టినట్టు ఓపిగ్గా రుద్దారు, ఈల వేసుకుంటూ. గట్టు వైపు వీపు పెట్టి.

డిసెంబరు 25, గురువారం

ఐదో లక్ష్మీవారం. ఆఖరి వారం. పొద్దునే పూర్ణం బూరెలు చేసి, అమ్మవారికి పెట్టి, కథ చదువుకుని అక్షింతలు ఆయన తల మీద వేశాను. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయారు. నవ్వొచ్చి ఆపాను. "ఈ ఏడాది నేను నిలబడ్డానంటే నీ వల్లే వసూ" అన్నారు. నా వల్ల అని ఆయన అనడం ఫిబ్రవరి తర్వాత ఇదే. అయితే "నువ్వు లేకపోతే" అనలేదు. ఇదివరకు అనేవారు.

మధ్యాహ్నానికి అన్నయ్య, గిరిజాకుమారి వదిన వచ్చారు. వెనకే డెక్లన్. రెయిన్‌డీర్ బొమ్మ ఉన్న స్వెట్టరు, చేతిలో బిస్కెట్ల డబ్బా. లోపలికి వస్తూనే టేబుల్ మీద సీసాలు చూశాడు. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి నెమ్మదిగా ఏదో అడిగాడు. ఈయన నాకు మాత్రం వినపడేలా ఇంగ్లీషులోనే చెప్పారు. "నాతో చెప్పే పెట్టింది. పోయినేడాది నన్ను నమ్మలేక కారు తాళాలు కూడా దాచిపెట్టేది. ఇవాళ నా ఎదురుగా పెట్టిందంటే నన్ను నమ్మిందన్నమాట. నాకింతకంటే పెద్ద బహుమతి లేదు." కళ్ళు తుడుచుకున్నారు.

సీసాలు తీసేద్దామని లేచాను కూడా. ఇంతలో వదిన మంచినీళ్ళు అడిగింది.

టర్కీ అద్భుతంగా కుదిరిందని అందరూ అన్నారు. నేను నా బూరెలూ పెరుగన్నమూ తింటూ కూర్చున్నాను. కార్క్ తీయడం నాకు రాదు, ఆయన్నే తీయమన్నాను. తీసి, చేతులు రుమాలుతో గట్టిగా తుడుచుకున్నారు. అన్నయ్య లేచి అందరికీ పోస్తూ వచ్చాడు. వదిన కారు నడపాలి కనుక జ్యూస్. డెక్లన్ నవ్వి నీళ్ళ గ్లాసు చూపించాడు. మా ఆయన దగ్గరికొచ్చేసరికి ఆయన గ్లాసు మీద అరచెయ్యి పెట్టారు.

"అదేంటి బావగారూ, పండగపూట చెయ్యి అడ్డం పెడతారా?" అన్నాడు అన్నయ్య.

"వద్దు బావగారూ. నాకు పడటం లేదు."

"మీకు పడకపోవటమా? నాకు నేర్పిందే మీరు. నా చేత్తో పోస్తే పుచ్చుకోనంత కోపం ఏం చేశాం మేము? అలక పానుపు మీద కూడా ఇంత బెట్టు చెయ్యలేదే మీరు." వదిన నవ్వింది. తెలుగు రాని డెక్లన్ కూడా, అందరూ నవ్వుతున్నారు కదా అని నవ్వాడు. "ఒక్క గుక్క. మర్యాదకి. మా చెల్లెలి మీద ఒట్టు."

ఆయన నా వైపు చూశారు. "వసూ?" అన్నారు.

అంతే అన్నారు. ఆయన మానేశారన్నయ్యా, వదిలెయ్ అంటే అన్నయ్య ఆ క్షణమే సీసా దించేసేవాడు. అన్నయ్య చెడ్డవాడు కాదు, తెలియదంతే. ఆ మాట నా నోట్లోనే ఉంది. కానీ అందరి ముందు, వదిన ముందు, మా ఆయనకి తాగుడు రోగమని ఎలా చెప్పను?

"మీ ఇష్టం" అన్నాను.

"మామ్, సే నో" అంది వర్షిణి గుసగుసగా. "మామ్. ప్లీజ్. జస్ట్ సే నో."

"పెద్దవాళ్ళ మధ్య మాట్లాడకూడదమ్మా" అన్నాడు అన్నయ్య. సీసా వంచి పట్టుకునే ఉన్నాడు. ఆయన చెయ్యి గ్లాసు మీదే ఉంది. కళ్ళు నా మీద ఉన్నాయి. అలా ఎంతసేపు? చూసేవాళ్ళకి ఎలా ఉంటుంది?

"పాపం, అన్నయ్యకి చెయ్యి నొప్పెడుతుందండీ" అన్నాను.

ఆయన చెయ్యి తీశారు.

మొదటి గుక్క జ్వరానికి చేదు మందు మింగినట్టు మింగారు. తర్వాతిది అలా కాదు. వదినతో మాటల్లో పడ్డ డెక్లన్ ఇటు తిరిగేసరికి గ్లాసు ఖాళీ. అతని ఫోర్కు ప్లేటులో పడింది. "రాజ్" అని మా ఆయన్ని పిలిచాడు మెల్లగా. ఈయన అతని వైపు చూడలేదు. రెండో గ్లాసు తనే పోసుకున్నారు. అన్నయ్య సంతోషంగా వీపు తట్టాడు. నాలుగున్నరకి బయట చీకటి పడేసరికి రెండో సీసాలో అడుగున కొంచెమే మిగిలింది.

వర్షిణి తన గదికి వెళ్ళి తలుపు వేసుకుంది. బూరెలు ముట్టలేదు. ప్రసాదం వదలకూడదని కూడా తెలియదు ఈ కాలం పిల్లలకి.

డెక్లన్ వెళ్తూ గుమ్మం దగ్గర ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఏ వేళైనా ఫోన్ చెయ్యి, ఎత్తుతాను అన్నాడు. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నారు. తర్వాత డెక్లన్ నాతో అన్నాడు. "ఆ వైన్ కోసం మీరు చాలా శ్రమ తీసుకున్నారమ్మా."

థాంక్యూ అన్నాను. నిజమే కదా, తీసుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళలో అది గమనించింది అతనొక్కడే.

అందరూ వెళ్ళాక ఆయన సోఫాలో కూలబడి, నా ఒడిలో తల పెట్టుకుని ఏడ్చారు. బూట్లు విప్పాను. దుప్పటి కప్పాను. "నువ్వు లేకపోతే నేనేమైపోతాను వసూ" అన్నారు. జుట్టు నిమిరాను. ఏమీ కారు, నేనున్నానుగా అన్నాను. నెత్తి మీద పొద్దున వేసిన అక్షింతలు ఇంకా రెండు ఉన్నాయి.

వ్రతం ఏ లోపమూ లేకుండా పూర్తయింది.

డిసెంబరు 26

కారు తాళాలు నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఆయన లేవలేదు. డెక్లన్ నుంచి నాలుగైదుసార్లు ఫోన్ మోగింది, నేనే ఎత్తి, ఆయనకి జ్వరం అని చెప్పాను.

వర్షిణి బ్యాగు సర్దుకుని తన ఫ్రెండ్ ఈఫా వాళ్ళింటికి వెళ్తానంది. వెళ్ళే ముందు సింకు దగ్గర నిలబడి సీసాలో మిగిలింది పారబోసింది. నీళ్ళు వదిలి, సింకంతా కడిగింది. నాతో తెలుగులో మాట్లాడింది, ఎన్నేళ్ళకో. "నాన్న నిన్ను అడిగాడు" అంది.

మీ ఇష్టం అన్నాను కదా. ఆయన ఇష్టం. అందులో నా తప్పేముందో చెప్పమను.

వదిన ఫోన్ చేసింది. ఎవరో చెప్పారట, డెక్లన్ ఎవరో, ఆ మీటింగులేమిటో. ఏడ్చింది. అన్నయ్య అన్నం తినడం లేదట. "ఒక్క మాట చెప్పలేకపోయావా వసుంధరా?" అంది. కాసేపాగి, "ఎలా భరిస్తున్నావో తల్లీ, నువ్వు కాబట్టి" అంది.

డిసెంబరు 27

ఆయన చేతులు వణుకుతున్నాయి. కాఫీ కప్పు పట్టుకోలేకపోయారు, నేనే తాగించాను. ఒక్కసారిగా మానడం ప్రమాదమని పోయినసారి మా జీపీ డాక్టరు చెప్పాడు, నాకు బాగా గుర్తు. ఈసారి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. ఆ హాల్లోవాళ్ళకేం తెలుసు. నేను చూసుకుంటాను.

షాపు గేటు తీసేదాకా నిలబడ్డాను. మొన్నటి ఆయనే నా ముందున్నాడు, తల ఊపాడు. ఈసారి నేనూ ఊపాను. కుర్రాడు నవ్వుతూ, "టర్కీకి రోన్ ఎలా కుదిరింది?" అని అడిగాడు. చాలా బాగా కుదిరిందన్నాను. ఈసారి దేనికి అన్నాడు. ఇంట్లోకే అన్నాను.

ఇంటికొచ్చాక హాట్ ప్రెస్ తెరిచి తువ్వాళ్ళు కొత్తగా మడతపెట్టి సర్దాను. సీసా వాటి వెనక పెట్టాను. అక్కడైతే ఆయన వెతుక్కోనక్కర్లేదు.